వెళ్లేటప్పుడే కుంటే సిప్కే

సముద్రపు ఒడ్డునున్న సీల్‌హావన్ అనే ఊళ్లో ముప్ఫై నాలుగేళ్లుగా కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసిన బౌకే డాక్టరు ఆ ఏప్రిల్లో క్లినిక్ మూసేశాడు. మూసేముందు తన దగ్గరున్న ఫైళ్లన్నీ సైకిలు వెనక బుట్టలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఎవరివి వాళ్లకి ఇచ్చి వెళ్లాడు. హిస్కే ఇంట్లో కాఫీ తాగి, పంచదార రొట్టె రెండు ముక్కలు తిని, కాళ్ల దగ్గర పడుకున్న ఆమె కుక్క సిప్కే చెవులు నిమిరాడు.

"ఇకమీదట ఎవరి దగ్గరికి తీసుకెళ్లమంటారు?" అని అడిగింది హిస్కే.

"అది మాత్రం అడక్కు. ఊళ్లో ముగ్గురున్నారు. ఒకరి పేరు చెప్పానంటే మిగతా ఇద్దరూ నాతో చేపలు పట్టడానికి రారు" అని నవ్వుతూ లేచాడాయన.

హిస్కేకి అరవై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్లు లాకుల దగ్గర పనిచేసి కిందటి శరదృతువులో ఉద్యోగ విరమణ చేసింది. పడవ వస్తే తలుపులు తెరవడం, నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం, మళ్లీ మూయడం, అదీ పని. పడవకీ పడవకీ మధ్య బోలెడంత తీరిక. ఆ తీరికలో ఆమెకి ఒక అలవాటు అబ్బింది. కంటపడ్డ ప్రతిదాన్నీ "ఎందుకిలా?" అని ఆరా తీయడం. ఆ కొంగ రోజూ అదే రాయి మీద ఎందుకు నిలబడుతుంది? పసుపు పడవాయన లాకులోకి వచ్చేటప్పుడు టోపీ ఎందుకు తీసేస్తాడు? కొన్నిటికి జవాబు దొరికేది, కొన్నిటికి దొరికేది కాదు. దొరకనివాటి మీదే ఆమెకి మమకారం ఎక్కువ.

ఇప్పుడు ఆమె బుర్రని తొలుస్తున్నది సిప్కే కుంటు.

సిప్కే నలుపూ తెలుపూ కలిసిన జుట్టుకుక్క. ఏడేళ్లది. రోజూ పొద్దున్నే ఇద్దరూ సముద్రపు కరకట్ట వాలు మీద గడ్డిలో నడుచుకుంటూ తూర్పున ఉన్న లాకులదాకా వెళ్లి, అక్కడ కాసేపు కూర్చుని, వచ్చిన దారినే తిరిగి వచ్చేవారు. కట్ట పైన చదునైన బాట ఉంది గానీ, అక్కడ గాలి చెంపలు వాయిస్తుంది, పైగా సైకిళ్ల రద్దీ. ఫిబ్రవరి చివర్నుంచీ సిప్కే కుంటడం మొదలుపెట్టింది. అదీ వెళ్లేటప్పుడు మాత్రమే. తిరిగి వచ్చేటప్పుడు ఏమీ ఎరగనట్టు చక్కగా నడిచేది. ఇంట్లో కుంటు లేదు, వీధిలో కుంటు లేదు.

"వెళ్లేటప్పుడు కుంటి, వచ్చేటప్పుడు కాదు. ఇదెక్కడి రోగమే!" అంది చెల్లెలు ఔక్యే. ఆమె రెండిళ్ల అవతల ఉంటుంది. ఆమెకి ప్లౌస్ అనే లావుపాటి బూడిదరంగు పిల్లి ఉంది. దాని ఫైలు కూడా బౌకే ఇచ్చి వెళ్లాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ రెండు ఫైళ్లూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

"హైవే పక్కన కొత్తగా కట్టారు చూడు, అద్దాల తలుపులది, అక్కడికే వెళ్దాం. పిల్లులకి వేరే గది ఉందట. కుక్కల వాసన కూడా తగలదట" అంది ఔక్యే.

"ముందు చూసొస్తాను."

"ఏం చూస్తావు?"

"ఎలా ఉంటారో, ఎలా మాట్లాడతారో చూస్తాను. ఊరికే కూర్చుని వస్తాను."

"సిప్కే లేకుండానా? ఒక్కదానివీ వెళ్లి కుర్చీలో కూర్చుంటావా? మీ జంతువేదమ్మా అని అడిగితే ఏం చెప్తావే అక్కా, నేనే అంటావా?" ఔక్యే పడీపడీ నవ్వింది. "పిల్లకి సంబంధాలు చూస్తున్నట్టుంది నీ వరస."

హిస్కే నవ్వలేదు. మర్నాడే బయల్దేరింది.

అద్దాల క్లినిక్‌లో నిజంగానే పిల్లులకి వేరే గది ఉంది. నేల తళతళలాడుతోంది. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి ఫోనులో ఎవరో ముసలాయనకి మందు ఎలా వేయాలో ఓపిగ్గా మూడుసార్లు చెప్పింది. అది హిస్కేకి నచ్చింది. అయితే పావుగంటలో నాలుగు కుక్కలు లోపలికి వెళ్లి నాలుగూ బయటికి వచ్చేశాయి. అంత త్వరగా ఏం చూస్తారా అని ఆలోచిస్తూ బయటికి వచ్చింది.

రెండోది ఆవుల డాక్టర్ల క్లినిక్. అన్నదమ్ములిద్దరూ పొద్దుటంతా పశువుల పాకల్లో తిరిగి, మధ్యాహ్నం మాత్రం కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తారు. గదిలో పేడవాసన, రబ్బరు బూట్లు. పెద్దాయన హెండ్రిక్ ఒక వణుకుతున్న కుక్కపిల్లని అరచేతిలోకి తీసుకుని గుండెకి ఆనించుకోగానే అది టక్కున ఊరుకుంది. అదీ ఆమెకి నచ్చింది.

మూడో క్లినిక్ రేవు వెనక సందులో, ఒకప్పుడు వలలు బాగుచేసిన కొట్టులో ఉంది. రిన్‌స్కే అనే ఆవిడ రెండేళ్ల కిందట పెట్టింది. తలుపుకి చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: "ఆలస్యమవుతుంది. నాకూ తెలుసు. క్షమించండి." లోపల నాలుగు కుర్చీలు, దేనికది వేరే రకం. హిస్కే ముప్పావుగంట కూర్చుంది. ఆ మొత్తం సేపట్లో లోపలికి వెళ్లింది ఒక్క పిల్లి, అది బయటికి రానేలేదు. పక్క కుర్చీలో బుట్ట పెట్టుకున్న ఆయన గట్టిగా నిట్టూర్చాడు.

"ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగింది హిస్కే.

"ఎప్పుడూ ఇంతే."

"మరి ఎందుకొస్తున్నారు?"

ఆయన కాస్త ఆలోచించాడు. "మా వంతు వచ్చినప్పుడు మాకూ అంతే సేపు పడుతుంది కదా" అన్నాడు.

ఊరికే కూర్చుంటే తెలిసేది ఇంతే అనిపించింది హిస్కేకి. ఈసారి సిప్కేని వెంటబెట్టుకుని వరసగా వెళ్లింది.

అద్దాల క్లినిక్‌లో ఒక కుర్ర డాక్టరు సిప్కేని వరండాలో అటూ ఇటూ నడిపించాడు. సిప్కే రాజావారిలా నడిచింది. కాళ్లు వంచి చూశాడు, నడుం నొక్కి చూశాడు. నెమ్మదస్తుడే, మంచివాడే.

"నాకైతే ఏమీ కనబడటం లేదండీ. కొన్ని కుక్కలకి వెళ్లడం ఇష్టం ఉండదు, ఇంటికి తిరిగి రావడం ఇష్టం. అందుకని వెళ్లేటప్పుడు కాళ్లీడుస్తాయి" అన్నాడు.

"లాకుల దగ్గర దీనికి రోజూ జున్నుముక్క పెడతారు. అక్కడికి వెళ్లడమంటే ప్రాణం. తాడు తెంపుకుంటుంది."

"కుంటుతూనే తెంపుకుంటుందా?"

"కుంటుతూనే."

డాక్టరు నవ్వి, "రెండు వారాలు చూడండి. తగ్గకపోతే ఎక్స్‌రే తీద్దాం" అన్నాడు. ఏ కాలికి ఎక్స్‌రే తీస్తారని అడగబోయి ఊరుకుంది హిస్కే. ఏ కాలో ఆమెకే తెలియదు. కుంటుతోందని తెలుస్తుంది గానీ, గడ్డిలో నాలుగు కాళ్లూ జుట్టూ కలిసిపోయి ఏదో ఆనేది కాదు.

హెండ్రిక్ తన పెద్ద చేతులతో కాళ్లన్నీ తడిమి, "ఇదే ఆవైతే మేతకి తోలెయ్యమనేవాణ్ణి. భేషుగ్గా ఉంది. నువ్వే తీరిగ్గా ఉండి లేనిపోనివి చూస్తున్నావేమో హిస్కే!" అన్నాడు.

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. ఇంటికి వస్తూ దారంతా తనని తాను అడుక్కుంది. నిజమేనా? పనిలేక కుక్కకి రోగం అంటగడుతున్నానా? మర్నాడు కరకట్ట మీద మళ్లీ చూసింది. వెళ్లేటప్పుడు కుంటింది. వచ్చేటప్పుడు లేదు. కళ్లు అబద్ధం చెప్పడం లేదు.

రిన్‌స్కే దగ్గర వంతు రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆవిడకి నలభై ఏళ్లుంటాయి. కళ్లజోడు తల మీదికి నెట్టుకుని, బల్ల ఉండగా నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సిప్కే వెళ్లి ఆవిడ మోకాలి మీద గడ్డం ఆనించింది.

హిస్కే జరిగింది చెప్పింది. ఈసారి ఎందుకైనా మంచిదని, "మీరు నమ్మకపోయినా ఫరవాలేదు" అని కూడా చేర్చింది.

"నమ్మకపోవడమెందుకు? రోజూ చూస్తున్నది మీరు కదా" అంది రిన్‌స్కే. కాళ్లన్నీ ఒక్కొక్కటే వంచి, చాచి చూసింది. చాలాసేపు చూసింది. "నాకేమీ దొరకలేదు. ఎందుకో నాకూ తెలీదు. కానీ భలే విచిత్రంగా ఉందండీ ఇది! వెళ్లడానికీ రావడానికీ తేడా ఏమిటంటారు?"

"అదే నేనూ అనుకుంటున్నాను. గాలేమో! వెళ్లేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది."

"అవ్వచ్చు. పొట్ట ఖాళీగా ఉంటుందా వెళ్లేటప్పుడు?"

"ఉంటుంది. వచ్చేటప్పుడు జున్ను తిని ఉంటుంది."

"జున్నుతో కుంటు తగ్గితే నేనీ కొట్టు మూసేసి జున్ను అమ్ముకుంటాను" అంది రిన్‌స్కే. ఇద్దరూ నవ్వారు. "ఒక పని చేస్తారా? ఒక్క వారం రోజులు, ఎప్పుడు కుంటింది, ఎప్పుడు కుంటలేదు, గాలి ఎటు, దారి ఏది, అన్నీ రాస్తారా? చాలామందికి విసుగు."

ముప్ఫై ఏళ్లు నీటిమట్టం రాసిన మనిషిని పట్టుకుని విసుగంటే ఏం చెప్తుంది! హిస్కే వస్తూ వస్తూ గీతల పుస్తకం ఒకటి కొనుక్కుంది.

సోమవారం పడమటి గాలి. వెళ్లేటప్పుడు కుంటింది, వచ్చేటప్పుడు లేదు. మంగళవారం అంతే. బుధవారం అదృష్టం కొద్దీ తూర్పు గాలి మొదలైంది. హిస్కే చెప్పులు తొడుక్కోకుండానే కిటికీ దగ్గరికి పరిగెత్తి జెండా చూసింది. ఆవేళ వెళ్లేటప్పుడు గాలి ఎదురు. అయినా సిప్కే కుంటింది. గాలి కాదన్నమాట. గురువారం ఇంట్లోనే జున్ను పెట్టి బయల్దేరదీసింది. కుంటింది. జున్నూ కాదు. శుక్రవారం ఊళ్లో వీధులన్నీ రెండుసార్లు తిప్పింది. కుంటలేదు. శనివారం గాలీ సైకిళ్లూ ఎలా ఉన్నా సరే అనుకుని కరకట్ట పైన చదునైన బాట మీద తీసుకెళ్లింది. వెళ్లేటప్పుడూ కుంటలేదు, వచ్చేటప్పుడూ కుంటలేదు!

ఆ సాయంత్రం రిన్‌స్కేకి ఫోన్ చేసి చదివి వినిపించింది.

"పైన చదునుగా ఉంటుంది. కింద మీరు నడిచేది వాలు. అంతేనా?" అంది రిన్‌స్కే.

"అంతే. కానీ వచ్చేటప్పుడూ అదే వాలు కదా?"

"అదే వాలు... రేపు ఆదివారం, నాకు సెలవు. పొద్దున ఎనిమిదింటికి కట్ట దగ్గరికి రానా? వచ్చి నా కళ్లతో చూడాలి. లేకపోతే నాకు తిండి సయించదు."

"నాకిప్పుడే సయించడం లేదు" అంది హిస్కే.

ఔక్యే ఈ మాట విని, తనూ వస్తానని కాఫీ ఫ్లాస్కు పట్టుకుని తయారైంది. "ఆదివారం పూట ఇద్దరు పెద్ద మనుషులు కుక్క వెనకాల పరిగెడుతుంటే చూడకుండా ఎలా ఉంటాను!"

ఆటు సమయం. కట్ట కింద బురద తళతళ మెరుస్తోంది. దూరంగా తెల్లపిట్టల గుంపు ఒకటి లేచి, తిరిగి, మళ్లీ వాలింది. రిన్‌స్కే పొడుగు బూట్లతో వచ్చింది.

"ముందే చెప్తున్నా. కుడి వెనక కాలని నా అనుమానం. పైకున్న కాలు ఎక్కువ వంచాలి కదా, అది నొప్పెడుతుంది" అంది. హిస్కే తాడు పట్టుకుని వాలు మీద తూర్పుకి నడిచింది. ముప్ఫై అడుగులు వెయ్యకముందే కుంటు మొదలైంది. రిన్‌స్కే ఒకసారి వెనకనుంచి, ఒకసారి పక్కనుంచి చూసింది. ఆఖరికి ముందుకి పరిగెత్తి, తడిగడ్డిలో బోర్లా పడుకుని ఎదురుగా చూసింది. ఔక్యే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాది తప్పు. వెనక కాలు కాదు" అని అరిచింది రిన్‌స్కే లేస్తూ. "తల చూడండి, తల! ఎడమ ముందు కాలు నేలమీద పడ్డప్పుడల్లా తల పైకెత్తేస్తోంది. బరువు పడకుండా తప్పించుకుంటోంది."

హిస్కే వంగి చూసింది. నిజమే. ఇన్నాళ్లూ కాళ్లకేసి చూసిందే గాని తలకేసి చూడలేదు.

"మరి వచ్చేటప్పుడు ఎందుకు లేదు?"

రిన్‌స్కే వాలుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచింది. ఎడమ చెయ్యి సముద్రం వైపు, కుడి చెయ్యి కట్ట వైపు. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి మళ్లీ చాచింది. ఆమె ఏం చేస్తోందో హిస్కేకి ఒక్క క్షణంలో తట్టింది.

"వెళ్లేటప్పుడు ఎడమ కాళ్లు పల్లంలో ఉంటాయి!" అంది. "వచ్చేటప్పుడు కుడి కాళ్లు పల్లంలో ఉంటాయి. పల్లంలో ఉన్న కాలి మీదే బరువంతా."

"అనుకుంటున్నాను. అనుకుంటే చాలదు గదా. కట్టకి అవతలి వాలు, ఊరి వైపు వాలు, అక్కడెప్పుడైనా నడిపించారా?"

"ఎప్పుడూ లేదు."

"మన లెక్క నిజమైతే అక్కడ తిరగబడాలి. వెళ్లేటప్పుడు బాగుండాలి, వచ్చేటప్పుడు కుంటాలి."

ముగ్గురూ గబగబా కట్టెక్కి అవతలికి దిగారు. ఔక్యే కూడా ఫ్లాస్కు చంకలో పెట్టుకుని పరిగెత్తింది. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. హిస్కే తూర్పుకి నడిచింది. సిప్కే చక్కగా నడిచింది. యాభై అడుగులు, వంద అడుగులు, కుంటు ఊసే లేదు. "తిప్పండి!" అని అరిచింది రిన్‌స్కే. తిప్పింది. పది అడుగులు వేసేసరికి సిప్కే తల పైకి లేచింది. ఇంకో నాలుగడుగులకి మళ్లీ లేచింది.

"కుంటుతోందే! ఇంటికి వెళ్తూ కుంటుతోంది!" ఔక్యే పండగొచ్చినట్టు అరిచి, అంతలోనే సిగ్గుపడి, "పాపం, తండ్రీ" అని కుక్క వీపు నిమిరింది.

హిస్కేకి కళ్లు చెమర్చాయి. సంతోషమో, తనది భ్రమ కాదని తేలినందుకో, సిప్కేకి నిజంగానే నొప్పి ఉందని తెలిసినందుకో, ఆమెకే తెలియలేదు. రెండు నెలలుగా నొప్పితోనే జున్ను కోసం పరిగెట్టింది, పిచ్చిది.

రిన్‌స్కే అక్కడే గడ్డిలో కూర్చుని ఆ ఎడమ కాలొక్కటే పట్టుకుంది. మోచేతి కీలుని పూర్తిగా మడిచి, కొద్దిగా లోపలికి తిప్పి, అలాగే కాసేపు ఉంచింది. సిప్కే మూలగలేదు, కాలు లాక్కోలేదు. మూతి నాక్కుంది. వదిలేసి, మళ్లీ అలాగే పట్టుకుంది. మళ్లీ మూతి నాక్కుంది.

"ఇక్కడే. నొప్పి ఓర్చుకునేటప్పుడు కుక్కలు ఇలాగే మూతి నాక్కుంటాయి. మొన్న ఇంతసేపు పట్టుకోలేదు నేను. పట్టుకోవాల్సింది" అంది. తర్వాత ముగ్గురూ కట్ట మీద కూర్చుని కాఫీ తాగారు.

"ఎక్స్‌రే మాత్రం నా దగ్గర కాదు. నా యంత్రం పాతది, ఇంత చిన్నది దానికి ఆనదు. అద్దాల క్లినిక్ వాళ్లది మంచి యంత్రం. అక్కడికి వెళ్లండి. ఏ కాలో, ఏ కీలో, ఎటు తిప్పి తియ్యాలో నేను రాసిస్తాను."

"వాళ్లు ఏమీ అనుకోరా?"

"ఎందుకనుకుంటారు? నేనే వారానికి ఇద్దర్ని పంపిస్తుంటాను."

ఆ కుర్ర డాక్టరు కాగితం చదివి, తెల్లమొహం వేసి, మళ్లీ చదివాడు. "వాలు మీద నడిపించి చూశారా! నాకు తట్టనే లేదండీ" అన్నాడు. ఎక్స్‌రే తీశాక హిస్కేని లోపలికి పిలిచి చూపించాడు. ఎడమ మోచేతి కీలు అంచున ఎముక కాస్త గరుగ్గా పెరిగి ఉంది. కీలు అరుగుదల. ఇప్పుడిప్పుడే మొదలైంది. పోయేది కాదు గానీ, అదుపులో పెట్టుకోవచ్చన్నాడు.

రిన్‌స్కే కూడా అదే చెప్పింది. నొప్పికి మందు, ఒంట్లో రెండు కిలోలు తగ్గడం, నడక రోజుకి ఒకసారి కాకుండా చిన్నచిన్నగా మూడుసార్లు, అదీ చదును మీదే. జున్ను బదులు క్యారెట్ ముక్క. లాకుల దగ్గర మొదటిరోజు క్యారెట్ నోటికి అందిస్తే సిప్కే దాన్ని నేలమీద పడేసి హిస్కే మొహంలోకి చూసిన చూపు మాత్రం ఆమె చాలాకాలం మర్చిపోలేదు. మే నెల చివరికి కట్టపైన గాలికి చెవులెగరేసుకుంటూ హుషారుగా నడుస్తోంది. పొరపాటున వాలు మీదికి దిగినా తల ఎత్తడం బాగా తగ్గింది.

ఇక ఫైళ్ల సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. "ప్లౌస్‌ని అద్దాల క్లినిక్‌లోనే చేర్పిస్తున్నాను" అంది ఔక్యే. "నీ రిన్‌స్కే మంచిదే, కాదన్నానా? కానీ నా పిల్లి కుక్కల మధ్య గంటసేపు కూర్చుంటే ఆ గదిలో ఒక్క కర్టెన్ మిగలదు."

హిస్కే ఈసారి నవ్వేసింది. చెల్లెలు చెప్పింది నిజమే. ప్లౌస్‌కి కావలసింది వేరు, సిప్కేకి కావలసింది వేరు.

తను మాత్రం సిప్కే ఫైలు పట్టుకుని రేవు వెనక సందులోకి వెళ్లింది. యాభై నిమిషాలు కూర్చుంది. నడుం పీకింది, విసుగూ వచ్చింది. అది రిన్‌స్కేతో చెప్పేసింది కూడా.

"తెలుసు. ఏం చెయ్యను, మొదలుపెడితే వదల్లేను" అని రిన్‌స్కే ఫైలు తీసుకుని పేరు రాసుకుంది. రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, కళ్లజోడు తల మీదికి నెట్టింది.

"మీరింకా ఆ పుస్తకంలో రాస్తున్నారా?"

"ఇంక దేనికి? సగం ఖాళీగానే ఉంది."

"రేవు చివర ఒక తాతగారున్నారు, ఒక్కరే ఉంటారు. ఆయన పిల్లి ప్రతి గురువారం దగ్గుతుందట. మిగతా రోజుల్లో దగ్గదట. ఆయన కళ్లు సరిగ్గా కనబడవు, రాయలేరు. నేను రెండుసార్లు చూశాను, నాకేమీ దొరకలేదు. మీకు తీరికుంటే..."

హిస్కే లేవబోతున్నదల్లా మళ్లీ కూర్చుంది.

"గురువారం అంటే, రోజంతా దగ్గుతుందా, పొద్దుటి పూటేనా?" అని అడిగింది.